కొండ కాళ్లు చాపుకున్న చోటు

పోయిన వారం ఖైరున్నీసాను మిట్టమధ్యాహ్నపు ఎండలో ఒక రాతి మీద కూర్చోబెట్టి మనం మన దారిన పోయాం. యాభై ఆరేళ్ల మనిషిని వారం రోజులు ఒకే రాతి మీద కూర్చోబెట్టడం పాపమే. అయినా ఆమె కదల్లేదు. కదిలింది తాను కాదు, రాయి అనేదే కదా అసలు ఆమె వాదన!

మరిచిపోయినవాళ్ల కోసం రెండు ముక్కలు. గుట్టకిందిపాలెం వెనక నెమలిగుట్ట ఉంది. గుట్ట మీద అడవి, అడవి కింద మిరప చేలు. గుట్ట మీద పడ్డ వాన చెట్ల వేళ్లలో నిదానంగా ఇంకి, మార్చి నెలలో కూడా చేల బావుల్లోకి ఊటై దిగుతుంది. ఆ చేల పక్కన పన్నెండెకరాలు కొని, గ్రానైటులో గడించిన నాగేంద్రబాబు ‘హిల్ వ్యూ ఎన్‌క్లేవ్’ అని వెంచర్ వేశాడు. ఊరు కాదనలేదు. పిల్లలు పెరిగారు, ఇళ్లు పెరగలేదు, ప్లాట్లు కావాల్సిందే. ఖైరున్నీసా కూడా తన రెండెకరాల చేలో పైగట్టున, మిరప సరిగ్గా రాని పదిహేను సెంట్ల గరపనేలను ముగ్గురు పిల్లలకు తలా ఐదు సెంట్లుగా కొలిపించి వెదురు కర్రలు పాతించింది.

చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, నాగేంద్రబాబుకు ‘వ్యూ’ చాల్లేదు, ‘హిల్లు’ కూడా కావాలన్నాడు. కొండని కాళ్లు ముడుచుకోమన్నాడు. చదును పనుల సందట్లో అడవి హద్దు రాయి రెండు వందల అడుగులు గుట్ట పైకి నడిచింది. దాంతో తొమ్మిదెకరాల అడవి వెంచర్‌లోకి దిగింది. లేఅవుట్ అంటే ఏమిటో అప్పుడు తెలిసింది ఊరికి. చెట్టు ముందు నిలబడి, “లే! ఔట్!” అనడమన్నమాట.

ఇక ఇవాళ్టి కథ.

“లెగువమ్మా, దణ్ణం పెడతా,” అన్నాడు మండల సర్వేయర్ కరుణాకర్, నాలుగోసారి. ఉద్యోగంలో చేరి రెండేళ్లయిన కుర్రవాడు. చేతిలో నిలువెత్తు కడ్డీ, కడ్డీ కొసన పుట్టగొడుగులాంటి యంత్రం. రోవర్ అంటారు దాన్ని. ఆకాశంలోని ఉపగ్రహాలతో మాట్లాడి నేల మీది చోటును అంగుళంతో సహా చెబుతుంది.

“నీ యంత్రం ఏం చెబుద్ది నాయనా?” అంది ఖైరున్నీసా, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

“ఈ రాయి ఎక్కడుందో చెబుద్దమ్మా.”

“ఇక్కడుందని నేనూ చెబుతున్నాగా! ఇక్కడికెట్టా వచ్చిందో అడుగు దాన్ని.”

“అదడిగితే చెప్పే యాప్ ఇంకా రాలేదమ్మా,” అన్నాడు కరుణాకర్. జనం నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. అతని బాధ అతనిది. అటవీ శాఖ సెక్షన్ ఆఫీసర్ అనూష తెచ్చిన పాత పటం బొంతలా ఉంది. సగం కొలతలు చెదల కడుపులో ఉన్నాయి. కొలత లేని చోట నేల మీద ఉన్న రాయే సాక్షి. సాక్షే చోటు మారితే సర్వే ఏం చేస్తుంది? సర్వేశ్వరుడే దిగిరావాలి.

నాగేంద్రబాబు గొడుగు నీడలోంచి రెండడుగులు ముందుకొచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, మాటలో మాత్రం నలభై మడతలు.

“రాళ్లకి కాళ్లొచ్చాయంటావా పిన్నీ?”

“రాయికి కాళ్లు రాలేదు నాగేంద్రం. నీ జేసీబీకి చేతులొచ్చాయి.”

జనంలోంచి విజిల్ వినపడింది. వేసినవాడు అంకారావు. ఎన్‌క్లేవ్‌లో మొట్టమొదటి ప్లాటు కొన్నవాడు అతనే. ప్లాటు నాగేంద్రబాబు దగ్గర కొన్నాడు గానీ నోరు మాత్రం అమ్ముకోలేదు.

“నీకీ గుట్ట మీద అంత మమకారమేంది పిన్నీ?” అన్నాడు నాగేంద్రబాబు. “నీకుండేది కారం పండే రెండెకరాలేగా!”

“గుట్ట మీద మమకారం లేకపోతే కింద కారం లేదు. తొమ్మిదెకరాల చెట్లు కొట్టు. రెండు వానల్లో ఎర్రమన్ను దిగి నా చేను మూసుకుపోద్ది. మూడో ఏడు బావిలో చేద వేస్తే రాళ్లు తగుల్తాయి. అప్పుడు నీ ఎన్‌క్లేవోళ్లు ఏం తాగుతారు, వ్యూ తాగుతారా?”

అంకారావు ఈసారి విజిల్ వేయలేదు. తన ప్లాటులో బోరు సంగతి అతనికి అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

అంతలో ఊళ్లో ఆటో నడిపే కోటి బండి దడదడలాడుతూ వచ్చి గుట్ట మొదట్లో ఆగింది. అందులోంచి ముందు సిద్దికా దిగింది. ఖైరున్నీసా చిన్న కూతురు. ఊళ్లో అద్దె గదిలో మూడు మిషన్లతో టైలరింగ్ షాపు నడుపుతోంది. ఆ పైగట్టు ఐదు సెంట్లలో ముందు షాపు, వెనక ఇల్లు అని ఆర్నెల్లుగా జాకెట్టు గుడ్డల మీద సుద్దతో ప్లాను గీసుకుంటోంది. గీసిన ప్రతిసారీ ఒక కిటికీ పెరుగుతోంది. ఆమె చెయ్యి పట్టుకుని వెనక దిగినవాడు యలమందయ్య. ఊరి పాత తలారి. డెబ్బై ఎనిమిదేళ్లు. మార్టూరులో కూతురింట్లో ఉంటున్న మనిషిని సిద్దికా పొద్దున్నే వెళ్లి తీసుకొచ్చింది.

“యాభై ఏళ్ల నాడు ఈ గుట్ట చుట్టూ హద్దు రాళ్లు పాతింది ఈ తాతా, వాళ్ల నాన్నా,” అంది సిద్దికా ఆయాసపడుతూ. “ఆయన్నే అడగండి సార్.”

ఖైరున్నీసా అప్పుడు లేచింది. ఆమె లేవడంతో రాయికి కాస్త ఊపిరాడింది. యలమందయ్య రాతి ముందు గొంతుక్కూర్చుని దాన్ని పసిబిడ్డ వీపు తడిమినట్టు తడిమాడు. ఒక పక్క ఉలితో చెక్కిన పదిహేడు అంకె మీద వేలు ఆపాడు. కళ్లు చెమర్చాయి.

“ఇది మా రాయే,” అన్నాడు. “మా అయ్యా నేనూ బండి మీద తోలిన రాయే.”

నాగేంద్రబాబు చప్పట్లు కొట్టాడు. “విన్నారా మేడమ్? రాసుకోండి. వాళ్ల సాక్షి, వాళ్ల నోటితోనే! అసలు రాయే అంటున్నాడు.”

మొన్నటిదాకా ఖైరున్నీసా అనుకున్నది వేరు. నాగేంద్రబాబు కొత్త రాయి చెక్కించి పెట్టి ఉంటాడనీ, యలమందయ్య చూడగానే “ఛీ, ఇది దొంగ రాయి” అంటాడనీ అనుకుంది. ఏరికోరి తెచ్చుకున్న సాక్షి ఏరు దాటించకుండా మధ్యలో దించేశాడు.

యలమందయ్య మోకాళ్ల మీద చేతులు వేసుకుని లేచాడు. లేచి అటూ ఇటూ చూసి, నింపాదిగా అన్నాడు.

“రాయి మాదే బాబూ. చోటు మాది కాదు.”

“అదేంది ముసలాయనా, పూటకో మాట!”

“రెండూ ఒకటే మాట. తవ్వండి దీని కింద. బొగ్గులుండాల.”

“బొగ్గులా?” అంది అనూష.

“అవునమ్మా. హద్దు రాయి పాతేముందు గుంటలో తట్టెడు బొగ్గులు పోసేవాళ్లం. మా అయ్యకి వాళ్లయ్య చెప్పిన పని. మీ కాయితాల్లో ఉండదది. కర్ర పాతితే పుచ్చుద్ది, ఇనుం పాతితే తుప్పుపట్టుద్ది, రాయి పాతితే ఎవడో ఒకడు పీకుతాడు. బొగ్గుని మన్ను తినదు, చెద తినదు. ఎత్తుకుపోయి ఎవడూ ఏం చేసుకోడు. అందుకని అది అట్టాగే పడుంటది.”

నాగేంద్రబాబు మొహంలో మొదటిసారి ఒక మడత పడింది. ముప్పై ఏళ్లుగా ఆయన బతుకంతా రాళ్లే. సుత్తితో తట్టి, మోత విని, ఏ బండ ఏ దేశపు ఓడ ఎక్కుతుందో చెప్పగలడు. ఎక్కడ పట్టుకుంటే విరక్కుండా లేస్తుందో చెప్పగలడు. అందుకే హద్దు రాయికి గీటు పడకుండా, నాచు కూడా చెదరకుండా లేపించి పైన దించాడు. కొత్త రాయి పెడితే దొరికిపోతానని తెలిసినంత తెలివైనవాడు. కానీ క్వారీ మనిషికి రాయి లేపాక మిగిలేది గుంట. గుంట వైపు ఏ క్వారీ యజమానీ రెండోసారి చూడడు. ఆ అలవాటే ఆయన పాలిట గుంటనక్క అయింది.

“తవ్వండి,” అంది అనూష.

ఇద్దరు కూలీలు గడ్డపారలు దించారు. రాయి ఒరిగింది. కింద పసుపుపచ్చ గరప. అడుగు లోతు, రెండడుగులు. బొగ్గు లేదు, మసి లేదు. చివరికొక కూలీ చెయ్యిపెట్టి ఏదో లాగాడు. ఖైనీ ప్యాకెట్టు!

అనూష దాన్ని దులిపి, వెనక తిప్పి, తయారైన తేదీ పైకి చదివింది. ఐదు నెలల కిందటిది.

“యాభై ఏళ్ల నాటి రాతి కింద ఐదు నెలల నాటి ఖైనీ!” అంకారావు పొట్ట పట్టుకున్నాడు. “తాతా, మీ అయ్య భలే ముందుచూపున్న మనిషిరా నాయనా! పుట్టబోయే ప్యాకెట్టుని ముందే పూడ్చాడు!”

గుట్టంతా నవ్వింది. కొమ్మల మీది కొండగొర్రింకలు కూడా లేచిపోయాయి.

నాగేంద్రబాబు నవ్వు అణిగేదాకా ఆగాడు. “సరే. ఎవరో కూలోడు ఎలుక బొరియలో ప్యాకెట్టు పారేసుంటాడు. బొగ్గులేవంటారా, వీళ్లయ్య ఆ పూట మర్చిపోయాడు. లేని బొగ్గుతో హద్దు మారుద్దా మేడమ్? ఉన్న బొగ్గు చూపించమనండి.”

న్యాయమైన మాటే. మిగతా అడవి నిలిచే ఉంది గానీ, ఈ రాతికి దిగువంతా జేసీబీ గీకేసిన బోడి నేల. చెట్టు లేదు, పుట్ట లేదు, గుర్తు లేదు. ఎక్కడని తవ్వుతారు?

ఖైరున్నీసా చెప్పులు విడిచింది.

బోడి నేలలోకి దిగి, ఊరి వైపు మొహం పెట్టి, ఎండకు చెయ్యి అడ్డంగా పెట్టుకుని పక్కకు జరగడం మొదలుపెట్టింది. ఒకడుగు, ఆగి చూడడం, ఇంకో అడుగు.

“ఏం చేస్తున్నావమ్మా?” అన్నాడు కరుణాకర్.

“మాట్లాడించబాకు. కొత్త కోడలిగా వచ్చిన కాడ్నుంచీ ఈ గుట్ట మీద గడ్డి కోసిన దాన్ని. మోపు దించి, నడుం వాల్చింది ఆ పదిహేడో రాతికే. వాలినప్పుడల్లా ఊరు ఎట్టా కనపడేదో అదే చూస్తున్నా.” ఇంకో అడుగు వేసింది. “అదిగో. మసీదు మినారు వాటర్ ట్యాంకు వెనక దాక్కుంది. ఇప్పుడు పైకీ కిందికీ. ఆ రాతి కాడ జంట బండల సందులో కాస్త ఆకాశం కనపడేది.” వెనక్కి తిరిగి గుట్ట కొసన జంట బండల వైపు చూస్తూ నాలుగడుగులు దిగింది. బండల సందులో నీలంగా ఆకాశం ముక్క తెరుచుకుంది. ఇంకొక్క అడుగు దిగితే మూసుకుంది. వెంటనే ఆ అడుగు వెనక్కి వేసి, కాలి బొటనవేలితో నేల మీద సున్నా చుట్టింది.

“ఇక్కడ.”

ఉపగ్రహాలు పైన ఎన్ని తిరుగుతున్నాయో గానీ, ఆ పూట కింద తిరిగిన గ్రహం ఒక్కటే. ఈ గ్రహంతో పెట్టుకుంటే ఆగ్రహం తప్పదని నాగేంద్రబాబుకు ఇంకా పూర్తిగా బోధపడలేదు.

గడ్డపార దిగింది. అడుగు లోతున ఎర్రమన్ను. అడుగున్నర, ఎర్రమన్నే. ఖైరున్నీసా పెదాలు కదులుతున్నాయి, దువా చదువుతోందో, గడ్డి కోసిన రోజులు లెక్కపెట్టుకుంటోందో. రెండడుగుల దగ్గర పార అంచున నల్లగా ఏదో మెరిసింది. కూలీ పారను పక్కన పడేసి చేతులతో తోడాడు. దోసిలి నిండా బొగ్గులు!

ఆ అరుపు పక్క ఊరికి వినపడి ఉంటుంది. సిద్దికా తల్లిని వాటేసుకుని గిరగిరా తిప్పింది. కోటి ఆటో హారన్ మీద చెయ్యి తియ్యలేదు. యలమందయ్య ఒక బొగ్గు తీసుకుని వాసన చూసి, నుదుటికి ఆనించుకుని, “మా అయ్య మర్చిపోలేదు,” అన్నాడు నాగేంద్రబాబు వైపు తిరిగి. “మర్చిపోయే మనిషి కాదు మా అయ్య.” నిగ్గు తేల్చాలంటే బంగారాన్ని నిప్పులో కాలుస్తారు. ఇక్కడ ఎప్పుడో కాలి చల్లారిన బొగ్గే నిగ్గు తేల్చింది. సిగ్గు మాత్రం దాని సొంతదారు మొహాన్ని వెతుక్కుంటోంది.

కరుణాకర్ గుంట మధ్యలో రోవర్ నిలబెట్టాడు. యంత్రం కీచుమంది. “రాయి రెండు వందల ఆరడుగులు జరిగింది మేడమ్,” అన్నాడు. ఆ గొంతులో ఉద్యోగం కంటే సంబరం ఎక్కువుంది.

అనూష అందరికీ వినపడేలా చెప్పింది. “ఇక్కడి నుంచి పైనంతా అడవి. జేసీబీ పన్ను తగిలిందంటే కేసే. కింద పన్నెండెకరాల లేఅవుట్‌కి మా శాఖ అభ్యంతరం లేదు. ప్లాట్లు కొన్నవాళ్లు కంగారు పడొద్దు.”

“ఒరేయ్ అంకారావ్, విన్నావా?” అంది ఖైరున్నీసా. “నీ ప్లాటూ ఉంది, పైన గుట్టా ఉంది. ఇంక నీ బోరుకి నీళ్లు పడ్డట్టే.”

“నీ నోట్లో పంచదార పొయ్య అత్తా! నీ చేలో మాత్రం కారం!”

అంతా సంబరాల్లో ఉండగా నాగేంద్రబాబు ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడడం ముగించి, పటం మీదికి వంగాడు. వంగినవాడు లేచేసరికి మొహం మళ్లీ ఇస్త్రీ అయి ఉంది.

“పదిహేడు దొరికింది. సంతోషం. పంపుషెడ్డు పక్కన పందొమ్మిది ఉంది, ఎవరూ ముట్టుకోలా. మరి మధ్యలో పద్దెనిమిదేది మేడమ్?”

అనూష పటం దగ్గరికి లాక్కుంది. పదిహేడు నుంచి గీత చేల వైపు కిందికి దిగి, పద్దెనిమిది దగ్గర మలుపు తిరిగి, మళ్లీ పైకెక్కి పందొమ్మిదిలో కలవాలి. ఎంత కిందికి దిగాలో చెప్పే ముక్కను చెదలు తినేశాయి.

“అది మా అయ్య ఒక్కడే పాతాడు,” అన్నాడు యలమందయ్య నసుగుతూ. “ఆ రోజు నాకు చలిజ్వరం.”

“రాయి లేని గీత కోర్టులో నిలబడదు. లాయర్ ఇప్పుడే చెప్పాడు. రేపు స్టే తెస్తా,” అన్నాడు నాగేంద్రబాబు. “తర్వాత కేసు ఎన్నేళ్లు నడుస్తుందో మీ గుట్టనే అడగండి.”

కరుణాకర్ పటాన్నీ చేలనీ మార్చి మార్చి చూశాడు. అతని చూపు ఖైరున్నీసా పైగట్టు మీది వెదురు కర్రల దగ్గర ఆగి, గబుక్కున పక్కకి జరిగింది. మంచి పిల్లవాడు.

“ఏముంది మేడమ్,” అన్నాడు గొంతు తగ్గించి. “పద్దెనిమిదో రాయి గల్లంతు అని రాసి, పదిహేడు నుంచి పందొమ్మిదికి సూటిగా గీత లాగేద్దాం. ఎవరి చేనూ అడవి కిందికి పోదు. కోర్టంటే... అప్పుడు చూసుకుందాం.”

“అదే మేలు, రాసెయ్ సారూ!” అన్నారు నలుగురు. అందరూ ఖైరున్నీసా వైపు చూశారు. ఆమె ఊరుకుంటే చాలు. పొద్దుటి నుంచీ ఊరుకోని మనిషి ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు.

ఆమె మొహంలో సంబరం ఎప్పుడో దిగిపోయింది. కళ్ల ముందు ఇరవై రెండేళ్ల నాటి పొద్దు కదులుతోంది. మొగుడు బుడే పైగట్టు దున్నుతుంటే నాగలి కర్రు విరిగింది. తవ్వి చూస్తే నిలువు బండ. “చేలో అడ్డం, ఇంట్లో అక్కర” అంటూ ఎడ్లబండి మీద ఇంటికి తోలి, దొడ్లో బోర్లా వేశాడు. దాని పక్క అంచున ఉలితో చెక్కిన గీతలు ఆమె వేళ్లకు రోజూ తగులుతూనే ఉన్నాయి. ఒక నిలువు గీత, పక్కన ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు సున్నుండలు. క్వారీవాళ్ల గుర్తేమో అనుకుంది ఇన్నాళ్లూ. బుడే పోయి ఆరేళ్లయింది. అతనికీ తెలియదు. అది పద్దెనిమిది అంకె అని ఇప్పుడు ఆమెకు తెలిసింది. ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

కరుణాకర్ కలం మూత తీశాడు.

“ఆగు నాయనా,” అంది ఖైరున్నీసా. “గల్లంతని రాయబాకు.”

“అమ్మా?”

“ఆ రాయి మా దొడ్లో ఉంది. ఇరవై రెండేళ్ల నుంచి దాని మీదే బట్టలుతుకుతున్నా.”

హారన్ ఆగిపోయింది. నాగేంద్రబాబు గెలిచినట్టు నవ్వబోయి, ఆమె మొహం చూసి, ఎందుకో నవ్వలేకపోయాడు.

“మా ఆయన ఎక్కడి నుంచి పెకలించాడో కూడా తెలుసు. బొగ్గులు అక్కడే ఉంటాయి. గీత నిలబడాలిగా, రండి,” అంటూ ఖైరున్నీసా కూలీ చేతిలోంచి గడ్డపార అందుకుని, తన పైగట్టు వైపు నడిచింది. మొదటి ప్లాటు దాటింది. రెండోది కూడా దాటింది.

సిద్దికాకు అప్పుడర్థమైంది. పరుగున తల్లిని దాటుకుని వెళ్లి, తన ఐదు సెంట్ల మూలనున్న వెదురు కర్రను రెండు చేతులా పట్టుకుంది. పీకడానికో, పీకనివ్వకుండా నిలబడడానికో, వెనక వస్తున్న ఒక్కరికీ తెలియలేదు.